తాడు కట్టిన రాయి

అభా, సౌదీ, 1990 నవంబరు 18

తెలియని సంగతిని తెలిసినదానితో పోల్చి చెబుతాం కదా, అది వినేవాళ్ళ మీద గౌరవమా, చెప్పేవాళ్ళ బద్ధకమా?

రాజమండ్రి కాలేజీలో బోటనీ చెప్పిన తొమ్మిదేళ్ళూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆకు చెట్టుకి వంటిల్లు అనేదాన్ని. పిల్లలు పరీక్షలో అదే రాసేవాళ్ళు, ఆకు అనగా వంటిల్లు అని. మార్కులు వేసేదాన్ని. వేసినందుకు రెండు రోజులు నా మీద నాకే చిరాగ్గా ఉండేది.

ఉద్యోగం అక్కడే వదిలి వచ్చాను, ప్రశ్న నాతో వచ్చింది. కంపెనీ గెస్ట్‌హౌస్ వెనక మోరిటాగారు తోట కడుతున్నారు. ఆయన జపాన్ నుంచి వచ్చిన పైపులైను ఇంజనీరు, మా ఆయనకి పై అధికారి. తోట మాత్రం ఆయన సొంత పిచ్చి. రాళ్ళు మోసేది అంజన్న. ఆర్మూరు దగ్గర ఏదో పల్లె, నా వయసే ఉంటుంది. ఆయన ఇంగ్లీషు ఇతనికి తెలియదు, ఇతని తెలుగు ఆయనకి తెలియదు. మధ్యలో జీతం లేని దుబాసీని నేను.

ఇవాళ తెల్ల కంకర పరిచి దాని మీద అలల్లాగా గీతలు గీశారు.

"గీ కంకరంత నీళ్ళా అమ్మా?" అన్నాడు అంజన్న.

"నీళ్ళనుకోవాలి. ముగ్గులో పద్మం వేస్తే పద్మమే కదా."

"ముగ్గుల పద్మానికి ఎవ్వలు గట్టు కట్టరు గదమ్మా."

ఏమంటున్నాడని మోరిటాగారు అడిగారు. చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, అంజన్న వైపు తిరిగి నడుం వంచారు. అంజన్న కంగారుపడి తనూ వంగాడు.

మళ్ళీ పోల్చే చెప్పాను. ఇంకో దారి తెలియదు నాకు.

నవంబరు 29

వాళ్ళ తోటలు ముఖ్యంగా మూడు రకాలట. చెరువు తవ్వి, గుట్టలు పోసి, చుట్టూ తిరుగుతూ చూసేది ఒకటి. టీ ఇచ్చే గదికి మనిషిని నెమ్మదిగా నడిపించుకుపోయేది ఒకటి. నీళ్ళే లేకుండా రాళ్ళూ కంకరా మాత్రం ఉండేది ఒకటి. ఈ పెరట్లో ఆయన చివరి రెండూ కలిపారు: మధ్యలో కంకర, దాని పక్కనుంచి మూలగదికి పోయే అడుగురాళ్ళ దారి.

ఏదీ జంటగా పెట్టరు. మూడు రాళ్ళు, అయిదు రాళ్ళు. ఎక్కడ నిలబడ్డా ఏదో ఒకటి కనపడకూడదు. గోడ మీదుగా కనిపించే జూనిపర్ చెట్ల కొండ కూడా తోటలో భాగమేనట. అరువు తెచ్చుకున్న కొండ అన్నారు. ఖాళీగా వదిలిన చోటు మిగిలిపోయిన చోటు కాదట, అది కూడా కట్టిందేనట.

మా ఆయనతో చెప్పాను. పద్మనాభంగారి జవాబు: "మూడు కార్లు పట్టేవి అక్కడ."

డిసెంబరు 14

కొండ మీది కోతులు దిగి కంకరంతా తొక్కేశాయి. అంజన్న తిట్టిన తిట్లు మోరిటాగారికి అనువదించలేదు.

1991 జనవరి 11, శుక్రవారం

జపాన్ వాళ్ళందరినీ పంపేశారు. రెండు బస్సుల్లో జెద్దాకి, అక్కడినుంచి విమానం. యుద్ధానికి పెట్టిన పదిహేనో తారీఖు గడువు దాటితే ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ముందే. మంచి కంపెనీ. తన మనుషుల ప్రాణాల విలువ తెలిసిన కంపెనీ. మిగతావాళ్ళ పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో క్షేమంగా ఉన్నాయి.

మోరిటాగారు బస్సెక్కే ముందు తోటకి వచ్చారు. కొబ్బరికాయంత గుండ్రటి రాయికి నల్లటి నారతాడు నాలుగు వైపులా చుట్టి, పైన ముడి వేసి, మొదటి అడుగురాయి మీద పెట్టారు. సెకిమోరి అంటారట. దారి మూసి ఉంది, ఇటు రావద్దు అని చెప్పడం. గేటు ఉండదు, తాళం ఉండదు. ఆ రాయిని చూసి మర్యాద తెలిసినవాడు వెనక్కి తిరుగుతాడట.

వెళ్ళిపోయాక అంజన్న అడిగాడు, ఏందమ్మా గది అని. దారి మూసినట్టు గుర్తు అని చెప్పాను. అంతే చెప్పాను.

జనవరి 17

యుద్ధం మొదలైంది. ఖమీస్ వైమానిక స్థావరం వైపు నుంచి విమానాలు. కిటికీ అద్దాలు మోగుతున్నాయి. పద్మనాభంగారు రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నారు, నేనేమన్నా అడిగితే చెయ్యి అడ్డం పెడుతున్నారు.

జనవరి 20

గ్యాస్ మాస్కులు వచ్చాయి. మా ఇంటికి రెండు. ఎదురింటి సుగ్రా బేగం వాళ్ళింటికి పిల్లల సైజుతో సహా నాలుగు. లేబర్ క్యాంపులో పదకొండు మంది మిగిలారు. వాళ్ళకి ఒక్కటీ లేదు.

"లిస్టు నేను తయారు చేశానా?" అన్నారు ఆయన.

"సంతకం?"

"అందరితోపాటు."

అందరితోపాటు. ఈ మాటని ఉప్పులో ఊరేసి పెట్టుకోవచ్చు, ఎన్నేళ్ళయినా పాడవదు.

నా మాస్కు తీసుకెళ్ళి అంజన్నకి ఇద్దామనుకున్నాను. ఒక్కటి పదకొండు మందికి ఎలా పంచను అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉందో కూడా గమనించాను.

జనవరి 23

అంజన్న వచ్చి కొంచెం పసుపు అడిగాడు. వేలికి దెబ్బ తగిలిందేమో. పొట్లం కట్టి ఇచ్చాను.

జనవరి 27

తాడు కట్టిన రాయికి పసుపు పూసి ఉంది. మధ్యలో ఎర్రబొట్టు. ముందు నాలుగు ఖర్జూరాలు.

అంజన్న కంకర మీద పళ్ళకర్రతో గీతలు దిద్దుతున్నాడు. దాన్ని దంతె అంటాడు. నన్ను చూసి ఆపలేదు. అతని వెనక క్యాంపు వాళ్ళు, జనార్దన్, భూమేష్, ఇంకెవరో ఇద్దరు గోడవారన కూర్చుని ఉన్నారు. పని లేని వేళ. ఎవరి మొహంలోనూ మొన్నటి భయం లేదు.

"ఏమిటి అంజన్నా ఇది?"

"ఏమ్ లేదమ్మా. గీడ కూసుంటె జెర ధైర్నమున్నట్టున్నది."

ఏమీ అనలేదు. అనాల్సింది. ఇది ఏ దేశమో నాకు తెలుసు. గోడకి దేవుడి క్యాలెండరు పెట్టుకోవాలంటేనే మేం బీరువా తలుపు లోపల అంటించుకుంటాం. అయినా అనలేదు. మాస్కులు ఇవ్వనివాళ్ళం ఇది కూడా లాక్కోవాలా అనిపించింది. అలా అనిపించిందా, లేక తరవాత చెబుదాంలే అనిపించిందా?

ఫిబ్రవరి 3

మా అమ్మాయి చరిత, హాస్టల్ నుంచి ఫోన్. వచ్చేయమ్మా అంటుంది. నేను కదలాలంటే ఎగ్జిట్ కాగితానికి వాళ్ళ నాన్న దరఖాస్తు పెట్టాలి, కంపెనీ ఒప్పుకోవాలి, మాకు పూచీ ఉన్న కఫీల్ సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ళ పిల్లకి ఇదంతా చెబితే అమ్మకి నలభై నాలుగేళ్ళని నమ్ముతుందా?

ఫిబ్రవరి 11

రియాద్ హెడ్డాఫీసు నుంచి తనిఖీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. గెస్ట్‌హౌస్‌లో దిగాడు. పొద్దున్నే టీ కప్పుతో పెరట్లోకి నడిచాడు.

అంతే.

ఫిబ్రవరి 13

గౌస్ మొహిద్దీన్ వచ్చాడు. క్యాంపు వ్యవహారాలన్నీ చూసేది అతనే, బోధన్ మనిషి. పద్మనాభంగారు కూర్చోమంటే కూర్చోలేదు.

"రియాద్ సాబ్ అడుగుతున్నడు మేడం, ఎవరో రాయికి పూజ జేస్తున్నరట గద అని. శనివారందాక టైమిచ్చిండు. జవాబు కాయితం మీద గావాలె. లేకుంటె అంజన్నను పోలీసులకు ఒప్పజెప్తమంటున్నడు."

"జపాన్ తోటల్లో ఉండే గుర్తు అది," అన్నాను.

"రాయి జపాన్‌దే మేడం. పసుపు నిజామాబాద్‌ది."

మా ఆయన నావైపు తిరిగారు. గౌస్ మొహిద్దీన్ గొంతు తగ్గించాడు.

"నాకు దెల్వదా మేడం? క్యాంపుల అందరు దాన్ని బొడ్రాయి అంటున్నరు. మా ఊరు నడుమ గూడ బొడ్రాయి ఉన్నది. చిన్నప్పుడు నేను గూడ ప్రసాదం తిన్నోన్నే. నా నోట్లకెళ్ళి ఆ మాట రాదు. గని మీరు ఇంకో మాట జెప్పాలె."

కోపం చూపించడానికి మనిషి దొరికాడనుకున్నాను. దొరకలేదు. ఇతనూ కాదు.

అతను వెళ్ళాక పద్మనాభంగారు అడిగారు: "బొడ్రాయి అంటున్నాడు, ఆ మాట వాళ్ళకెలా వచ్చింది?"

"నాకేం తెలుసు," అన్నాను.

ఫిబ్రవరి 14

నాకు తెలుసు.

జనవరి పదకొండున అంజన్న, "ఏందమ్మా గది" అన్నప్పుడు నేను దారి మూసిన గుర్తు అని ఊరుకోలేదు. అతని మొహంలో ఇంకా అర్థం కానట్టు కనిపించింది. అప్పుడు అన్నాను: "మీ ఊళ్ళో బొడ్రాయి ఉంటుంది కదా, హద్దు కాచేది. అలాంటిదే అనుకో." అతని మొహం విచ్చుకుంది. పాఠం అర్థమైన పిల్ల మొహంలాగా. నాకెంత సంతోషం వేసిందో.

పసుపు దెబ్బకనుకోలేదు. వేళ్ళన్నీ బాగానే ఉన్నాయి. చూశాను.

ఇవాళ మధ్యాహ్నం జవాబు రాశాను. భారతదేశంలో చీమలు, చెదలు రాకుండా పసుపు చల్లడం పూర్వం నుంచి వాడుక, తోటపనివాడు ఆ ఉద్దేశంతోనే పూశాడు, ఎర్రటిది అందులో కలిసిన మిరపపొడి. ఇంగ్లీషులో చక్కగా వచ్చింది. అబద్ధం ఇంత సాఫీగా రాయగలనని తెలియదు.

"కింద నా పేరు పెడతాను," అన్నాను.

"నువ్వెవరు?" అన్నారు పద్మనాభంగారు. కసిరినట్టు కాదు, మామూలుగా, సందేహం తీర్చుకున్నట్టు. "ఆఫీసు కాగితం. నీ పేరు వాళ్ళ లెక్కలో ఉందా? నేను పెడతా."

పెట్టారు. తోట గురించి ఒక్క ముక్క తెలియని మనిషి, సెకిమోరి అన్న మాట నన్నడిగి స్పెల్లింగు రాసుకుని, నిపుణుడై కూర్చున్నారు. ఇది ధైర్యమే. ఉద్యోగం పోవచ్చు. ఆ ధైర్యానికి కృతజ్ఞత చూపించాలి. నాకు మాత్రం ఆ కలం లాక్కుని విరవాలనిపించింది.

సాయంత్రం అంజన్నకి చెప్పాను. శనివారం అడిగితే చీమల కోసమని చెప్పాలని.

"చీమలకా?" అన్నాడు.

"అవును."

"తీసెయ్యమంటరా?"

"అంటే తీసెయ్. రాయే కదా."

ఆ చివరి రెండు ముక్కలు ఎందుకన్నాను?

ఫిబ్రవరి 16, శనివారం

నల్లటి అబాయా ముసుగు వేసుకుని గెస్ట్‌హౌస్ వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

రియాద్ పెద్దమనిషి కాగితం చదివాడు. రాయి చుట్టూ తిరిగి చూశాడు. చెడ్డవాడిలా లేడు. పని తొందరగా తెమిలితే బాగుండుననుకునేవాడిలా ఉన్నాడు. గౌస్ మొహిద్దీన్‌తో అరబ్బీలో ఏదో అన్నాడు.

"అంజన్నా, గీ పసుపు ఎందుకు వెట్టినవ్?" అని అడిగాడు గౌస్.

అంజన్న వెనక్కి తిరిగి చూశాడు. జనార్దన్, భూమేష్ దూరంగా చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డారు. గౌస్ మళ్ళీ అడగలేదు, చెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్ళు నలుపుకుంటున్నాడు. మా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చీమల కోసమని సార్," అన్నాడు అంజన్న. నేలకి చెప్పినట్టు.

పెద్దమనిషి తలూపాడు. అయితే కడిగేసి, ఇక్కడినుంచి తీసేయమన్నాడు. ఇప్పుడే, తన ముందే.

అంజన్న పైపు తెచ్చాడు. రాయి దగ్గరికి వెళ్ళి, వంగబోతూ, చెప్పులు విడిచాడు.

అలవాటు. చెయ్యి కంటే ముందు కాలికి తెలిసింది. పెద్దమనిషి అది చూశాడు. ఎందుకలా విడిచాడని అడిగి ఉంటాడు. గౌస్ మొహిద్దీన్ నవ్వుతూ, కంకర మీది గీతల్ని చూపిస్తూ, గడగడా ఏదో చెప్పాడు. చెప్పి తన బూట్లు కూడా విప్పి, మేజోళ్ళతో కంకర అంచున నిలబడ్డాడు. పెద్దమనిషి తన బూట్ల వైపు చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

అంజన్న నీళ్ళు పోశాడు. పసుపు కారి తెల్లటి కంకరలోకి దిగింది. అంజన్న రాయిని రెండు చేతులతో ఎత్తి పొట్టకి ఆనించుకుని గోడ దాకా నడిచాడు. దించలేదు. ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు. చివరికి గౌస్ వెళ్ళి చేతుల్లోంచి తీసుకుని స్టోరు రూములో పెట్టి వచ్చాడు.

తరవాత అందరూ టీ తాగారు. వెళ్ళిపోతూ గౌస్ నాతో అన్నాడు: "చెప్పులతోని దొక్కితె గీతలు చెడిపోతయని చెప్పిన మేడం. జపాన్ రూలని. తప్పు లేదు గద?"

"లేదు."

"అల్లా మాఫ్ చేస్తడు," అన్నాడు. ఎవరినో చెప్పలేదు.

ఇంటికొచ్చి పద్మనాభంగారు, "గండం గడిచింది," అని రెండుసార్లు అన్నారు. మూడోసారి అనబోతే వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ మూత గట్టిగా పెట్టాను.

మార్చి 1

యుద్ధం అయిపోయిందట. మాస్కులు తిరిగి ఇచ్చేయమని సర్క్యులర్. మరకలు లేకుండా తుడిచి ఇవ్వాలట.

మార్చి 22

అంజన్న ఎగ్జిట్‌కి పెట్టుకున్నాడు. కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది. గౌస్ చెబితే తెలిసింది. తోటకి వెళ్ళాను.

"ఎందుకు అంజన్నా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అంటె మంచిగుండు గదమ్మా. ఒక్కడన్న ఎందుకు తీసినవని అడగలే. పదకొండు మందిమి మొక్కినం. తీసింది నేనొక్కన్ని. గిన్నె కాడ గూసుంటె అందరు తొందరగ తిని లేస్తరు."

"నువ్వు తియ్యకపోతే జైల్లో వేసేవాళ్ళు."

"ఎరుకే. అందుకే తీసిన." దంతె పళ్ళలో ఇరుక్కున్న గులకరాయి ఊడదీశాడు. "తీసినందుక్కాదమ్మా. చీమల కోసమన్న. గది నా నోట్లకెళ్ళి వచ్చింది. ఇంటికాడ నా పెండ్లాం ముత్యవ్వకు గిది ఎట్ల జెప్పాల్నో ఎరుకైతలేదు."

"తప్పు నాది. ఆ మాట చెప్పమన్నది నేను."

"మీరు పెద్ద చదువు చదివిండ్రు. మీరు జెప్పకుంటె ఎవలు జెప్తరు," అన్నాడు. వెక్కిరింపా? కాదు. వెక్కిరింపైతే బాగుండేది.

కంకరలో పసుపు ఛాయ ఇంకా ఉంది.

ఏప్రిల్ 19

వెళ్ళిపోయాడు. బొంబాయి విమానం. చెప్పడానికి రాలేదు.

జూన్ 9

మోరిటాగారు తిరిగొచ్చారు. ఆయన కోసం నేనే తోటకి వెళ్ళి అపరాధిలాగా నిలబడి, రాయి తీసేశామండీ అన్నాను. కారణం చెప్పలేదు.

ఆయనకి ఎందుకు చెబుతున్నానో అర్థం కాలేదు. "నేను వచ్చేశాను కదా. వచ్చాక తియ్యాల్సిందే," అన్నారు. స్టోరు రూములోంచి తెప్పించుకుని, పైన ముడిని రెండు వేళ్ళతో పట్టుకుని కూరల సంచీలాగా ఊపుకుంటూ తిరిగారు. ఆ ముడి ఎత్తడానికేనట. టీకి అతిథి వచ్చే రోజు ఒక దారి మూస్తారు, మర్నాడు ఇంకోటి మూస్తారు. రోజూ కదిపే రాయి.

ఇది నాకు కొత్త కాదు. ఆ రాయి పెట్టిన రోజే, ముడి పట్టుకుని అటూ ఇటూ జరిపి చూపిస్తూ ఆయన నాకు ఇదంతా చెప్పారు. బొడ్రాయి ఒకసారి పాతితే కదపరు. ఊరు ఊరంతా కలిసి పాతుతుంది. ఎవరూ వేలు పెట్టి జరపకూడదు. రోజూ కదిపే రాయిని ఎన్నటికీ కదపకూడని రాయితో పోల్చాను. పోలికలో ఒక్క పక్క కూడా కలవదు. హద్దు అన్న మాట దొరికింది, చాలనుకున్నాను. ఎదుటి మనిషి మొహం విచ్చుకుంటే చాలు నాకు, లోపల ఏం పాతుకుందో చూడను. రాజమండ్రి నుంచీ ఇంతే.

అరువు తెచ్చుకున్న కొండ గురించి మోరిటాగారు మళ్ళీ ఏదో చెప్పబోయారు. తలనొప్పిగా ఉందని వచ్చేశాను.

1992 మార్చి 6, శుక్రవారం

జనార్దన్ సెలవు నుంచి తిరిగొచ్చాడు. అతనిదీ అంజన్నదీ పక్కపక్క ఊళ్ళు. రోడ్డు కోసం జరిపిన బొడ్రాయిని అంజన్న ఊళ్ళో ఈ మాఘంలో మళ్ళీ ప్రతిష్ఠించారట. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలందరినీ పిలిపించారట. ఆ రోజు అంజన్న పొద్దున్నే ఆర్మూరు బస్సెక్కి పోయాడు, చీకటి పడ్డాక వచ్చాడు. ముత్యవ్వ ఒక్కతే బిందె నీళ్ళు తీసుకెళ్ళి పోసిందట.

"సౌదికి వొయ్యి దేవుళ్ళను మర్చిండని నవ్వుతుండ్రు మేడం. మర్చినోడైతె వొచ్చి నిలవడుతుండె గద, ఏం పోయింది? మీదికెళ్ళి చెయ్యి వెట్టనంటడట. నా చెయ్యి మంచిది గాదు అంటడట."

"నువ్వు చెప్పలేదా, ఇక్కడ ఏం జరిగిందో?"

"ఏం జెప్పాలె?" అన్నాడు జనార్దన్. "నేను గూడ మొక్కిన గద."

పొద్దుటి నుంచి ఉత్తరం రాయాలని కూర్చున్నాను. ఒకటి రాసి చింపాను. అది బొడ్రాయి కాదు అంజన్నా, జపాన్ వాళ్ళు రోజూ చేత్తో పట్టుకుని తిరిగే గుర్తురాయి, నువ్వు ఏ దేవుణ్ణీ తియ్యలేదు, నీ చెయ్యి మంచిదే. నాలుగు వాక్యాలు. ఇవి వింటే అతను వెళ్ళి ఆ ఊరి నడిమధ్య నిలబడగలడు.

ఆ నాలుగు వాక్యాలే ఇంకోటి కూడా చెబుతాయి. విమానాలు తల మీద తిరిగిన ఆ రోజుల్లో, మాస్కుల్లేని పదకొండు మంది మొక్కింది ఉత్త రాయికని. వాళ్ళకి ధైర్యం ఇచ్చింది ఏదీ లేదని. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసని. అంజన్నకి చదువు రాదు. బడిపంతులో పోస్టుమానో చదివి వినిపిస్తాడు, ఊరు వింటుంది, ఇప్పుడు నవ్వుతున్నవాళ్ళు ఇంకో రకంగా నవ్వుతారు. జనార్దన్ చెవికీ వస్తుంది, భూమేష్ చెవికీ వస్తుంది.

పద్మనాభంగారు, "ఇంకా అదేనా, వదిలెయ్," అన్నారు. కాగితం ఆయన మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఏడాదిగా కోపం తెచ్చుకోవడం బాగా వచ్చింది నాకు. కంపెనీ మీద, రియాద్ మనిషి మీద, ఈయన మీద. మాస్కుల సంగతిలో నా కోపం న్యాయమైందే, దాన్ని వదలను. కాని అంజన్న చేతిని పాడు చేసింది వీళ్ళెవరూ కాదు.

నిజం రాస్తే అతని పాపం పోతుంది, మొక్కు కూడా పోతుంది. రాయకపోతే మొక్కు ఉంటుంది, పాపం కూడా ఉంటుంది. ఏది ఉంచాలో నిర్ణయించే హక్కు నాకెవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. నేను తప్ప ఆ మాట చెప్పగలిగినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

సాయంత్రం అయిదైంది. రెండో కాగితం మీద అంజన్నకి అని మాత్రం రాసి ఉంది. రాయాలో మానాలో నేను తేల్చుకోలేకపోయాను.